ఒకే పేరు, నాలుగు తేదీలు: మధ్యయుగ పునీతుల చిక్కుముడి విప్పడం ఎలా

ఆమధ్య ఒక కుటుంబం మా దగ్గరికి ఓ సందేహంతో వచ్చింది. పాపకు ఎలిజబెత్ అని జ్ఞానస్నానం ఇప్పించారు, పేరు పండగ, అంటే ఆ పేరున్న పునీతురాలి పండగ, ఏ రోజు చెయ్యాలో తేలడం లేదు. విచారణ (మా గుడి పరిధి) వాళ్లు పంచిన క్యాలెండర్లో నవంబరు 17 ఉంది. నాయనమ్మ దాచుకున్న పాత లాటిన్ పూజా పుస్తకంలో నవంబరు 19 ఉంది. గోడమీది పటం వెనక జూలై 8 అని అచ్చేసి ఉంది. డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మేమో "మా గుళ్లో జూలై 5 కదే" అని ఫోన్లో అంది. ఇందులో ఏదీ అచ్చుతప్పు కాదు. తమాషా ఏమిటంటే, ఈ నాలుగు తేదీల వెనకా ఉన్నది ఇద్దరు స్త్రీలు. ఇద్దరూ రాచబిడ్డలే. ఇద్దరి ఒడిలోనూ రొట్టెలు గులాబీలయ్యాయని కథ ఉంది. పైగా ఒకావిడకు రెండో ఆవిడ మనవరాలి వరస.

ఇలాంటి ముడి ఎదురైతే ఏ కొస పట్టుకుని లాగాలో వరసగా చెప్తాను. కొన్నేళ్లుగా ఒక చిన్న క్యాలెండర్‌కి ప్రూఫులు దిద్దుతున్నాను, ఇందులో సగం నా తప్పులతోనే నేర్చుకున్నాను. మొదటి ఏడాది నవంబరు పేజీలో హంగేరీ ఎలిజబెత్తమ్మ పేరు పక్కన గులాబీలు పట్టుకున్న ఒక పెద్దావిడ బొమ్మ వేశాం. అచ్చయ్యాక ఒక మఠకన్య చూసి, "ఈ తల్లి ఇరవైనాలుగేళ్లకే పోయింది నాయనా, మీరేమో తల నెరిసినావిణ్ణి కూర్చోబెట్టారు" అన్నారు. ఆ బొమ్మ పోర్చుగల్ రాణిది. అప్పటినుంచి నా లెక్కలో చనిపోయిన సంవత్సరం ముందు, బొమ్మ అన్నిటికంటే చివర.

మొదటి మెట్టు: పేరును కాసేపు పక్కన పెట్టండి

ఒక కాగితం మీద గళ్లు గీయండి. చనిపోయిన సంవత్సరం, చనిపోయిన ఊరు, పుట్టిన ఊరు, బతికినప్పటి స్థానం (రాణా, మఠాధిపతా, భిక్షువా, పీఠాధిపతా అంటే బిషప్పా), చేరిన సన్యాస సభ. పేరు గడి చివర్న ఉండాలి, దాన్ని చివరే నింపాలి. పేరుతో మొదలుపెడితే వెతికేటప్పుడు ఆ పేరున్న వాళ్లందరూ వచ్చి మీద పడతారు.

ఆ కాలపు ఐరోపాలో మనలాగా ఇంటిపేర్లు స్థిరపడలేదు, ఊరే ఇంటిపేరు. ఆ ఊరు కూడా చెప్పేవాణ్ణి బట్టి మారిపోతుంది. అంతోనివారినే చూడండి. మనకు ఆయన పాదువాపురి అంతోని. కాని పుట్టింది లిస్బన్‌లో. అక్కడివాళ్లకు ఆయన లిస్బన్ అంతోనియే, ఇంకో ఊరివాడంటే ఒప్పుకోరు. 1231 జూన్ 13న పాదువా దగ్గర చనిపోయారు. పేర్లు రెండు, మనిషి ఒక్కడే. జనవరి 17న కనిపించే అంతోని మాత్రం వేరే మనిషి, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసి 356లో పోయినాయన. చేతిలో బాలయేసు ఉంటే జూన్ అంతోని, కాళ్ల దగ్గర పంది ఉంటే జనవరి అంతోని. హంగేరీ ఎలిజబెత్తమ్మదీ ఇదే సంగతి. జర్మన్లు ఆవిణ్ణి తురింగియా ఎలిజబెత్ అంటారు.

ఊరు కాకపోతే భాష తికమక పెడుతుంది. ఎలిజబెత్ స్పెయిన్, పోర్చుగల్ చేరేసరికి ఇసబెల్ అయింది. హెడ్విగ్ పోలండ్‌లో యద్విగా. లూయీ, లుదోవికో, అలోషియస్ మూడూ ఒకే పేరుకు మూడు వేషాలు. మన దగ్గర పేర్లు కొన్ని ఇంగ్లీషు దారిలో, కొన్ని లాటిన్ దారిలో, కొన్ని తమిళం మీదుగా వచ్చాయి. అందుకే ఒకే పేరు రెండు పేర్లుగా, రెండు పేర్లు ఒకటిగా కనిపిస్తాయి. శౌరి, బాలశౌరి అని పిల్చుకునేవాళ్ల పునీతుడి అసలు పేరు ఫ్రాన్సిస్ (జేవియర్) అని, పండగ డిసెంబరు 3 అని ఇంట్లో పిల్లలకు ఎందరికి తెలుసు? అక్టోబరు 4 వచ్చే అస్సీసి ఫ్రాన్సిస్‌తో ఆయనకు సంబంధం లేదు. లూయిస్ అని పేరున్న కుర్రాడికి ముగ్గురు దొరుకుతారు. 1270 ఆగస్టు 25న ట్యూనిస్ దగ్గర చనిపోయిన ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఒకరు. 1297 ఆగస్టు 19న చనిపోయిన తులూజ్ పీఠాధిపతి ఇంకొకరు, ఈయన ఆ రాజుగారి తమ్ముడి మనవడే. జూన్ 21 నాటి గొంజాగా అలోషియస్ మూడో ఆయన, మధ్యయుగం దాటాక పుట్టినవాడు. వారం తేడాతో ఒకే నెలలో ఇద్దరు లూయీలు ఉన్నప్పుడు, క్యాలెండర్ వేసేవాళ్లు ఒకరి బొమ్మ ఇంకొకరికి అంటించకపోతేనే ఆశ్చర్యం.

రెండో మెట్టు: చనిపోయిన సంవత్సరాలు పక్కపక్కన పెట్టండి

ఇప్పుడు ఎలిజబెత్తుల దగ్గరికి వద్దాం. హంగేరీ రాజు రెండో ఆండ్రూ కూతురు 1207లో పుట్టింది. చిన్నప్పుడే తురింగియా తీసుకెళ్లి పెంచారు, అక్కడి ప్రభువు నాలుగో లుడ్విగ్‌కే ఇచ్చి పెళ్లి చేశారు. ఆయన 1227లో క్రూసేడుకు బయల్దేరి ఇటలీలోని ఒట్రాంటోలో జబ్బుచేసి పోయాడు. ఆవిడ మార్‌బుర్గ్‌లో ఆసుపత్రి పెట్టి రోగులకు చాకిరీ చేస్తూ 1231 నవంబరు 16-17 రాత్రి కన్నుమూసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1235లో, పోపు తొమ్మిదో గ్రెగరీ పునీతురాలిగా ప్రకటించారు.

అదే ఆండ్రూ రాజుకు రెండో భార్యవల్ల యొలాండా అనే కూతురు ఉంది. ఆవిణ్ణి అరగాన్ రాజుకిచ్చారు. ఆవిడ కొడుకు అరగాన్ మూడో పీటర్, ఆయన కూతురు ఇసబెల్. అంటే హంగేరీ ఎలిజబెత్ ఈ ఇసబెల్‌కు నాయనమ్మగారి సవతి అక్క. పునీతురాలైన పెద్ద నాయనమ్మ పేరే పిల్లకు పెట్టుకున్నారు, మనం పెట్టుకోమూ అలాగే. ఇసబెల్ 1271లో పుట్టి, పోర్చుగల్ రాజు దినిస్‌ను పెళ్లాడి, ఆయన పోయాక కొయింబ్రాలో క్లారా సభ మఠం పక్కన కాలం గడిపి, 1336 జూలై 4న ఎస్త్రెమోజ్‌లో చనిపోయింది. పునీతురాలిగా ప్రకటించింది 1625లో, ఎనిమిదో అర్బన్ పోపు.

1231 ఒకరిది, 1336 ఇంకొకరిది. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, సగం పని అయిపోయినట్టే. గులాబీల కథను నమ్ముకుంటే మాత్రం మునుగుతారు. హంగేరీ ఎలిజబెత్ గురించి ఆమె దగ్గర పనిచేసిన నలుగురు ఆడవాళ్లు ఇచ్చిన సాక్ష్యాలు తొలినాటి ఆధారాలు. వాటిలో ఈ గులాబీలు లేవు. కథ తరవాత చేరింది, చేరి పోర్చుగల్ దాకా నడిచింది.

ఈ కుటుంబం తీగ లాగితే ఇంకో ముడి దొరుకుతుంది. ఎలిజబెత్ తల్లి గెర్ట్రూడ్‌కు అక్క సైలీసియా హెడ్విగ్, 1243 అక్టోబరు 15న చనిపోయింది, పండగ 16. పోలండ్‌వాళ్లు ఆవిణ్ణి యద్విగా అంటారు. వాళ్లకే ఇంకో యద్విగా ఉంది. 1384లో పట్టాభిషేకమై 1399 జూలై 17న చిన్న వయసులోనే చనిపోయిన రాణి. ఆమెను రెండో జాన్‌పాల్ పోపు 1997 జూన్ 8న క్రాకోవ్‌లో పునీతురాలిగా ప్రకటించారు, అక్కడ పండగ కూడా జూన్ 8నే. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్లు ఒకచోట హెడ్విగ్ అని, ఒకచోట యద్విగా అని రాసి, ఇద్దరినీ కలిపి ముగ్గుర్ని చేస్తారు.

చనిపోయిన సంవత్సరాలు మరీ దగ్గరగా ఉన్నప్పుడు ఊరు చూడాలి. సియన్నా కత్తరీనమ్మ 1380 ఏప్రిల్ 29న రోములో చనిపోయింది. స్వీడన్ కత్తరీనమ్మ, అంటే బ్రిజితమ్మ కూతురు, 1381 మార్చి 24న వాద్‌స్తేనాలో. ఏడాది కూడా తేడా లేదు. ఇద్దరూ 1378లో సంఘం రెండుగా చీలినప్పుడు ఆరో అర్బన్ పోపు పక్షమే. ఇక్కడ చనిపోయిన ఊరొక్కటే మిమ్మల్ని ఒడ్డుకు చేరుస్తుంది.

మూడో మెట్టు: ఆ తేదీన ఏం జరిగిందో అడగండి

పునీతుల పండగ పుట్టినరోజు కాదు. బాప్తిస్మ యోహాను, మరియతల్లి లాంటివాళ్లకు తప్ప, మిగతావాళ్లకు మామూలుగా చనిపోయిన రోజే పండగ, పరలోకంలో పుట్టినరోజని దాన్నే అంటారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన పుష్య బహుళ పంచమినాడు ఎందుకు చేస్తారో తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

కాని ఎప్పుడూ చావురోజే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చావురోజు కాక ఇంకో నాలుగు రకాల తేదీలు పండగలవుతాయి, కాబట్టి గడిలో తేదీ పక్కన దాని కారణం కూడా రాయండి. హంగేరీ ఎలిజబెత్ విషయంలో నవంబరు 17 చావు, నవంబరు 19 ఖననం. ఇంట్లో నాయనమ్మ పుస్తకంలో ఉన్నది ఆ రెండోది. పాత రోమన్ క్యాలెండర్లో 17న అద్భుతాల గ్రెగరీ అనే పీఠాధిపతి పండగ ఉండేది, ఎలిజబెత్‌ది 19న చేసేవారు. 1969లో రోమన్ క్యాలెండర్‌ను సంస్కరించినప్పుడు 17కు తెచ్చారు. జర్మనీ, హంగేరీ మాత్రం ఇప్పటికీ 19నే పట్టుకున్నాయి.

స్వీడన్ బ్రిజితమ్మ చనిపోయింది 1373 జూలై 23న రోములో. కాని పండగ చాలాకాలం అక్టోబరులో చేశారు, ఎందుకంటే ఆమెను పునీతురాలిగా ప్రకటించింది 1391 అక్టోబరు 7న. రోమన్ క్యాలెండర్ దాన్ని ఒకరోజు జరిపి 8 చేసింది. స్వీడన్ 7నే ఉంచుకుంది. 1969లో జూలై 23కు తిరిగి వచ్చింది. ఫిబ్రవరి 1న వచ్చే ఐర్లండ్ బ్రిజిత వేరు, కిల్డేర్ మఠాన్ని స్థాపించిన ఆరో శతాబ్దపు స్త్రీ. తెలుగులో రెంటికీ "బ్రిజితమ్మ పండగ" అని ఊరు పేరు లేకుండా వేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

మూడో రకం తిరుశేషాల (పునీతుల అస్థికల) తరలింపు. అక్వినో తోమాసు చనిపోయింది 1274 మార్చి 7న, కాని ఇప్పటి పండగ జనవరి 28. 1369లో అదే తేదీన ఆయన అస్థికల్ని తులూజ్‌కు చేర్చారు. మార్చి 7 దాదాపు ఎప్పుడూ తపస్సుకాలంలో (ఈస్టరు ముందరి ఉపవాస రోజుల్లో) పడి పండగ కళ తప్పుతుందని 1969లో జనవరికి మార్చారు. ఇంగ్లండ్ తోమాస్ బెకెట్‌కు రెండు తేదీలూ బతికే ఉండేవి, 1170 డిసెంబరు 29న హత్య, 1220 జూలై 7న సమాధి మార్పు. పాత ఇంగ్లీషు పత్రాల్లో "తోమాసు పండగనాడు" అని ఉంటే ఏ తోమాసు, ఏ పండగ అని రెండుసార్లు అడగాలి. నాలుగో రకం పీఠాధిపతిగా అభిషేకమైన రోజు. మహా గ్రెగరీ పోపు పండగ సెప్టెంబరు 3న రావడానికి కారణం అదే.

నాలుగో మెట్టు: ఎవరు ఎవర్ని పక్కకు జరిపారు?

క్యాలెండర్ అంటే రద్దీ బస్సు. పెద్దవాళ్లు ఎక్కితే చిన్నవాళ్లు లేచి వెనక్కు జరగాలి. ఇంట్లో పటం వెనక ఉన్న జూలై 8 ఇలా పుట్టిందే. పోర్చుగల్ రాణి పండగ మొదట చావురోజైన జూలై 4నే పెట్టారు. కాని అప్పట్లో జూన్ 29 నాటి రాయప్ప చిన్నప్పల (పీటర్, పౌలుల) పండగకు ఎనిమిది రోజుల సంబరం ఉండేది, 4 అందులో పడేది. పన్నెండో ఇన్నొసెంట్ పోపు 1694లో దాన్ని 8కి జరిపారు. 1969లో మళ్లీ 4కు వచ్చింది. అమెరికాలో జూలై 4 స్వాతంత్ర్య దినం కావడంతో అక్కడి క్యాలెండర్ 5కు జరిపింది. డల్లాస్ పెద్దమ్మ మాట అలా నిజం.

సియన్నా కత్తరీనమ్మ చావురోజు ఏప్రిల్ 29 అయినా 1628 నుంచి 1969 దాకా పండగ 30న. 29న వేదసాక్షి పీటర్ అనే దోమినిక్ సభవాడు కూర్చుని ఉన్నాడు. ఒకే సభవాళ్లు కూడా సీటు ఇచ్చుకోలేదు. వాళ్ల సభ మూలపురుషుడు దోమినిక్ కథ ఇంకా బాగుంటుంది. చనిపోయింది 1221 ఆగస్టు 6న, ఆ రోజు ఆయనకు ఎప్పుడూ దక్కలేదు. మొదట 5, తరవాత 4, 1969 నుంచి 8. ఆ మార్పులో 8న ఉన్న జాన్ మరియ వియాన్నీ తన చావురోజైన 4కు వెళ్లారు, దోమినిక్ 8కి వచ్చారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారన్నమాట. పాత క్యాలెండర్ ఒకటి, కొత్తది ఒకటి పక్కన పెట్టుకున్నవాళ్లు వియాన్నీ రోజున దోమినిక్‌ని, దోమినిక్ రోజున వియాన్నీని చూసి బెంబేలెత్తేది ఇందుకే.

అయిదో మెట్టు: క్యాలెండర్ వయసు కనుక్కోండి

చేతిలో ఉన్న క్యాలెండర్ ఏ నిబంధనల ప్రకారం వేశారో మొదటి పేజీలో సాధారణంగా ఉండదు. గీటురాళ్లు పెట్టి చూడాలి. నేను చూసేవి ఇవి: అక్వినో తోమాసు మార్చి 7నా జనవరి 28నా, బెనెడిక్టు మార్చి 21నా జూలై 11నా, అపోస్తలుడు తోమాసు డిసెంబరు 21నా జూలై 3నా. ముందు తేదీలు ఉంటే అది 1969కి మునుపటి క్యాలెండర్, లేదా ఇప్పటికీ పాత లాటిన్ పూజ చేసేవాళ్లది. రెండో తేదీలు ఉంటే ఆరో పౌల్ పోపు 1969 ఫిబ్రవరి 14న ప్రకటించి 1970 జనవరి 1 నుంచి అమలుచేసినది. తోమాసువారి జూలై 3 మహోత్సవంగా ఉంటే ఇండియా ప్రతి. సెప్టెంబరు 17న బింగెన్ హిల్డెగార్డ్ కూడా కనిపిస్తే 2021 తరవాతిది. ఎనిమిది శతాబ్దాల నాటి స్త్రీ అయినా ఆమెను రోమన్ సాధారణ క్యాలెండర్లో చేర్చింది అప్పుడే.

క్యాలెండర్ వేరు, పునీతుల మహాపట్టిక వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. రోమన్ మార్తిరాలజీ అనే ఆ పట్టికలో వేలమంది ఉంటారు, రోజుకు చాలామంది చొప్పున. పూజల్లో స్మరించే క్యాలెండర్లోకి వచ్చేది కొద్దిమందే. "క్యాలెండర్లోంచి తీసేశారు కాబట్టి పునీతుడు కాదు" అని వాదించేవాళ్లకు ఈ తేడా చెప్పండి. ఇవికాక ఒక్కో దేశానికి, మేత్రాసనానికి (బిషప్పు పరిధికి), సన్యాస సభకు సొంత క్యాలెండర్లు ఉంటాయి. ఫ్రాన్సిస్ సభవాళ్లది, మీ విచారణది ఒకే రోజు ఒకే పేరు చూపకపోతే కంగారుపడకండి.

మూలాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. బొలాండిస్టులనే జెసూట్ పండితులు 1643 నుంచి అచ్చువేసిన పునీతుల చరిత్రల సంపుటాలు తేదీల వరసలో ఉంటాయి. పోర్చుగల్ రాణి కోసం జూలై 4 కింద వెతకాలి. హంగేరీ ఎలిజబెత్ కోసం వెతక్కండి, అసలు దొరకదు. 1925లో వచ్చిన సంపుటంతో ఆ వరస నవంబరు 10 దగ్గర ఆగిపోయింది. నవంబరు నడిమధ్య వచ్చే పండగలు చాలావాటికి, నవంబరు 16 నాటి మహా గెర్ట్రూడ్‌కు కూడా, అదే దురదృష్టం.

ఆరో మెట్టు: చేతిరాత ప్రతుల్లో తేదీ చదవడం

ఇది అందరికీ అవసరం రాదు. పాత ప్రతి ఫొటో చూసి తేదీ తేల్చాలనుకునేవాళ్లు మాత్రం చదవండి. వాళ్లు రోజుల్ని వెనక్కు లెక్కపెట్టేవారు. నెల మొదటి రోజు కలెండే, క్యాలెండర్ అన్న మాట దాన్నుంచే వచ్చింది. "డిసెంబరు కలెండేకు పదమూడో రోజు" అని ఉంటే నవంబరు రోజులు 30, దానికి 2 కలపండి, 13 తీసేయండి. నవంబరు 19 వస్తుంది. పదిహేనో రోజు అని ఉంటే 17. రోమన్ అంకెల్లో నిలువు గీతలు నకలు చేసేవాడి చేతిలో ఒకటి ఎక్కువో తక్కువో అవడం మామూలే. తేదీ ఒకటి రెండు రోజులు అటూఇటూ ఉంటే ముందు ఆ గీతల్నే అనుమానించండి.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది ఇంకో తిరకాసు. మనకు సూర్యోదయంతో, వాళ్ల దైవార్చనలో సాయంకాలంతో. అస్సీసి ఫ్రాన్సిస్ 1226 అక్టోబరు 3 సాయంత్రం పొద్దుగూకాక పోయారు, పండగ 4న. ఇందులో పొరపాటేమీ లేదు.

జూలియన్ లెక్క నుంచి గ్రెగోరియన్‌కు మార్చే కంప్యూటర్ పరికరాలు దొరుకుతున్నాయి. పండగ తేదీ విషయంలో వాటి జోలికి పోవద్దు. 1231 నవంబరు 17ను మారిస్తే నవంబరు 24 వస్తుంది, ఆ రోజు ఎవరికీ ఎలిజబెత్తమ్మ పండగ కాదు. 1582లో అక్టోబరు 4 తరవాతి రోజును 15 చేసినప్పుడు పండగలు పాత అంకెలతోనే కొత్త క్యాలెండర్లోకి వచ్చేశాయి. రష్యన్ ఆర్థడాక్స్ లాంటి సంఘాలు పాత లెక్కే వాడతాయి కాబట్టి అక్కడ మాత్రం ఇప్పుడు 13 రోజులు కలపాలి. సంవత్సరం తేడా వస్తే ఇంకోటి చూడండి. ఫ్లోరెన్స్‌లో, ఇంగ్లండ్‌లో చాలాకాలం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరిలో చనిపోయిన మనిషికి రెండు సంవత్సరాలు కనిపిస్తే కారణం అదే కావచ్చు.

ఏడో మెట్టు: ఇద్దరు ఒకరైపోయారేమో చూడండి

ఇంతదాకా చెప్పింది ఒకే పేరున్న వాళ్లను విడదీయడం. కొన్నిచోట్ల శతాబ్దాల కిందటే ఇద్దరి జీవితాలు అతుక్కుపోయి, పుస్తకాలన్నీ ఆ అతుకునే నకలు చేస్తూ వచ్చాయి. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ హెల్ఫ్టా మఠం. జర్మనీలో ఐస్‌లెబెన్ పక్కన ఉంది. పదమూడో శతాబ్దంలో ఆ ఒక్క కప్పు కింద ఇద్దరు గెర్ట్రూడ్‌లు, ఇద్దరు మెక్‌టిల్డ్‌లు ఉన్నారు. హాకెబోర్న్ గెర్ట్రూడ్ 1251లో పంతొమ్మిదేళ్ల వయసులో మఠాధిపతి అయి నలభై ఏళ్లు నడిపింది. ఆమె చెల్లెలు హాకెబోర్న్ మెక్‌టిల్డ్ పాటల గురువు, 1298లో చనిపోయింది. మాగ్దెబుర్గ్ మెక్‌టిల్డ్ ముసలితనంలో ఆశ్రయం కోరి వచ్చిన కవయిత్రి. ఇక నాలుగో ఆవిడ మహా గెర్ట్రూడ్. 1256లో పుట్టి, అయిదేళ్ల పిల్లగా మఠంలో చేరి, అక్కడే చదువుకుని, సుమారు 1302లో పోయింది. తల్లిదండ్రులెవరో ఆమె పుస్తకంలోనే లేదు.

ఆ ఖాళీయే కొంప ముంచింది. తరవాతివాళ్లు మఠాధిపతి గెర్ట్రూడ్‌ను, మహా గెర్ట్రూడ్‌ను ఒకరే అనుకున్నారు. ఎప్పుడూ మఠాధిపతి కాని ఆవిడకు పటాల్లో అధికార దండం పట్టించారు, హాకెబోర్న్ ప్రభువుల కూతుర్ని చేశారు. ఇప్పటికీ దండంతో ఉన్న పటాలు అమ్ముతున్నారు. నవంబరు 16న మీరు గెర్ట్రూడ్ బొమ్మ వేయాలనుకుంటే దండం లేనిది వెతకండి. పిల్లి పక్కన ఉన్నది ఇంకా వేయకండి, ఆవిడ 659లో చనిపోయిన నివెల్ గెర్ట్రూడ్, పండగ మార్చి 17.

అతుకు కనిపెట్టే పద్ధతి ఇది. జీవితకథలోని ప్రతి సంఘటనకూ పక్కన వయసు వేయండి. పిల్లలా మఠంలో చేరిన సంవత్సరానికే ఆమె మఠాధిపతి అయిపోయి ఉంటే కథలో ఇద్దరున్నారు. ఈ లెక్క పారిస్ దెనిస్ మీద వేస్తే ఒక్కడిలోంచి ముగ్గురు బయటికొస్తారు: ఏథెన్సులో పౌలు మాట విని నమ్మిన దియొనీసియుస్, మూడో శతాబ్దంలో పారిస్‌లో తల నరికించుకున్న పీఠాధిపతి, దాదాపు 500 ప్రాంతంలో ఆ పేరుతో గ్రంథాలు రాసిన సిరియా రచయిత. తొమ్మిదో శతాబ్దంలో సేన్ దెనిస్ మఠాధిపతి హిల్డ్విన్ వీళ్లను ఒక్కరిగా కుట్టేశాడు. మూడు వందల ఏళ్ల తరవాత అదే మఠంలో ఉన్న అబెలార్ ఆ కుట్టును వేలెత్తి చూపించి, తోటి సన్యాసుల కోపానికి పారిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు పారిస్ దెనిస్ అక్టోబరు 9, ఏథెన్సు ఆయన అక్టోబరు 3.

ఇక ఒక పునీతుణ్ణి విప్పుతూ పోతే చివరికి మన ఊరివాడే దొరికిన సందర్భం. పాత రోమన్ మార్తిరాలజీలో నవంబరు 27న బర్లాం, జోసఫాత్ అని ఇద్దరున్నారు. జోసఫాత్ ఇండియా రాజకుమారుడట. పుట్టగానే వీడు సంసారం వదిలేస్తాడని జ్యోతిష్కులు చెప్తే, తండ్రి కష్టమన్నది కంటపడకుండా భవనంలో పెంచుతాడు. కుర్రాడు బయటికెళ్లి రోగిని, ముసలివాణ్ణి చూసి, చావంటే ఏమిటో తెలుసుకుని, బర్లాం అనే సన్యాసి మాటతో రాజ్యం వదిలేస్తాడు. ఇది చదివిన ఏ తెలుగువాడైనా ఎవరి కథో చెప్పగలడు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో అర్ధరాత్రి గుర్రమెక్కి వెళ్లిపోతున్న రాజకుమారుడు ఆయనే. బోధిసత్త్వ అన్న మాట పడమటికి పోయి అరబ్బీలో బూదాసఫ్ అయింది. ఆ లిపిలో బ, య అక్షరాలకు తేడా చుక్కల్లోనే కాబట్టి యూదాసఫ్ అయింది. జార్జియా భాషలో ఇయోదసఫ్, గ్రీకులో ఇయోఅసఫ్, లాటిన్‌లో జోసఫాత్. సంగతిని పండితులు గట్టిగా తేల్చింది 1860 ప్రాంతంలో. ఈయన్ను ఇప్పటి పట్టికలో వెతక్కండి. నవంబరు 12న కనిపించే జోసఫాత్ నిజమైన మనిషి, 1623లో వితెబ్‌స్క్‌లో చంపబడిన పీఠాధిపతి. ఆయన పండగ కూడా 1969కి ముందు నవంబరు 14. ఒకే నెల, ఒకే పేరు, మూడు తేదీలు.

అచ్చుకు ఇచ్చేముందు

పేరు ఒక్కటే ఎప్పుడూ వేయకండి. "పునీత ఎలిజబెత్" అని కాకుండా "హంగేరీ ఎలిజబెత్, విధవరాలు, 1231" అని వేస్తే బొమ్మ పెట్టేవాడు కూడా తప్పించుకోలేడు. తేదీ మారిన పండగలకు పాత తేదీని చిన్న అక్షరాల్లో పక్కన ఇవ్వండి, పాత పుస్తకం ఉన్న ఇంట్లో తగాదా తప్పుతుంది. నాలుగు మాటల జాగా లేదని డిజైనర్ అంటే బొమ్మ తీసేయమనండి.

ఇంతకీ ఆ పాప సంగతి. మేం ముందు నవంబరు 17 అని చెప్పి పంపించేవాళ్లమే. అలవాటుగా ఒక ప్రశ్న అడిగాను, ఈ పేరు ఎవరు పెట్టారని. ముత్తవ్వ పేరట. ముత్తవ్వకెందుకు పెట్టారని నాయనమ్మను అడిగితే, "మా అమ్మ పుట్టింది జూలై 8న, ఆ రోజు పునీతురాలి పేరే గురువుగారు పెట్టారంట, ఆ పటం కూడా ఆయనిచ్చిందే" అంది. కాబట్టి పాపది పోర్చుగల్ రాణి పేరు, నవంబరు తేదీలు రెండూ అసలు వేరే మనిషివి. పండగ జూలై 4న చేసుకున్నారు. డల్లాస్‌లో పెద్దమ్మ 5న కేకు కోసింది.